అది ఆటబొమ్మా, అలంకార వస్తువా? ఎవరో ఒకరు రాసివ్వండి

కేంద్ర వాణిజ్య శాఖ, డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్), కస్టమ్స్ బోర్డు, తపాలా శాఖల్లో ఎగుమతుల సంగతి చూసే అధికారులందరికీ,

నమస్కారం.

మాది అనకాపల్లి జిల్లా. ఇక్కడి ఏటికొప్పాక ఊళ్లో చేసే లక్క బొమ్మలు కొని, డబ్బాల్లో సర్ది, విదేశాల్లో ఉన్న మనవాళ్లకు పంపడం నా వ్యాపారం. వ్యాపారం అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఇంటి వరండాలో రెండు రేకు బీరువాలు, ఒక తూకం మిషను, ఒక ప్రింటరు, అంతే. మామూలు నెలల్లో నలభై, యాభై పార్సిళ్లు వెళ్తాయి. దసరాకి, సంక్రాంతికి అంతకు మూడింతలు. బొమ్మల కొలువు పెట్టేవాళ్లే నా అసలు కస్టమర్లు. న్యూజెర్సీలో, డాలస్‌లో, లండన్‌లో ఉన్న ఆడపిల్లలు అమ్మ దగ్గర చూసిన కొలువు తమ పిల్లలకీ చూపించాలని ఎడ్లబండి, మేళగాళ్లు, పెళ్లికొడుకు పెళ్లికూతుళ్ల జత, లక్కపిడతల సెట్టు తెప్పించుకుంటారు.

ఈ 2026 సంక్రాంతికి లెక్కలు చూసుకుంటే పోయినేడుతో పోలిస్తే సగం కూడా లేవు. అందుకే ఈ ఉత్తరం. అయితే సుంకం తగ్గించమని అడగడానికి రాయడం లేదు. అది మీ ఒక్కరి చేతిలో లేదని టీవీ చూసే ఎవరికైనా తెలుసు. నేను అడిగేది వేరే.

ముందు జరిగింది చెప్తాను. 2025 ఏప్రిల్‌లో మన సరుకు మీద అమెరికా వేసిన అదనపు సుంకం 10 శాతం. ఆగస్టు 7న అది 25 అయింది, అదే నెల 27న 50 అయింది. నాలాంటి చిన్నవాళ్లకు అప్పటిదాకా ఇవేవీ తగల్లేదు. 800 డాలర్ల లోపు పార్సిల్‌కు అక్కడ సుంకమే ఉండేది కాదు మరి. నా పార్సిల్ యాభై, అరవై డాలర్లు దాటేది తక్కువ. ఆ వెసులుబాటు ఆగస్టు 29తో అన్ని దేశాలకూ పోయింది. పోస్టులో వచ్చే సరుకు మీద సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా జమకట్టాలి అన్నది అక్కడివాళ్లు తేల్చలేదు. విమాన సంస్థలు పోస్టల్ సరుకు తీసుకోలేమన్నాయి. దాంతో ఆగస్టు 25 నుంచి అమెరికా పార్సిళ్ల బుకింగ్ ఆగింది. ఉత్తరాలు, 100 డాలర్ల లోపు బహుమతులు వెళ్తాయని మొదట అన్నారు. నెలాఖరుకి అవీ ఆగాయి. మళ్లీ అక్టోబర్ 15న తెరిచారు.

ఈ తేదీలు పక్కన క్యాలెండర్ పెట్టుకుని చూడండి. నవరాత్రులు మొదలైంది సెప్టెంబర్ 22న. విజయదశమి అక్టోబర్ 2న. సరిగ్గా నా సంవత్సరం మొత్తం ఆ యాభై రోజుల్లోనే ఉంది. కట్టి, టేపు వేసి, చిరునామా అంటించిన అరవై రెండు డబ్బాలు వరండాలో ఉండిపోయాయి. మా అత్తగారు రోజూ వాటిని దాటుకుంటూ వెళ్లి "ఇవెప్పుడు కదుల్తాయే" అని అడిగేవారు.

అక్టోబర్‌లో తెరిచాక పద్ధతి మారింది. పోస్టులో పంపితే సరుకు విలువలో 50 శాతం సుంకం ఇక్కడే, బుకింగ్ అప్పుడే కట్టేయాలన్నారు. కొరియర్‌లో అయితే దీని మీద మళ్లీ వస్తువును బట్టి వేరే సుంకం పడుతుంది, పోస్టులో అది ఉండదన్నారు. నిజం చెప్పాలంటే ఇది బాగా ఆలోచించి పెట్టిన పద్ధతే. అక్కడ ఆ పిల్ల తలుపు తీయగానే ఎవరో వచ్చి డబ్బు కట్టమని నిలబడే బాధ లేదు. కానీ 4,200 రూపాయల కొలువు సెట్టుకు సుంకమే 2,100. దాని మీద పోస్టు ఖర్చు. డాలస్ నుంచి ఒకావిడ వాట్సాప్‌లో రాసింది: "అక్కా, పన్నూ పోస్టూ కలిపితే బొమ్మల్ని దాటేసేలా ఉంది. పోనీ ఇండియా వచ్చినప్పుడు సూట్‌కేసులో తెచ్చుకుంటాలే." ఏం జవాబు చెప్పను?

ఇక అసలు విషయం. బుకింగ్ కౌంటర్ దగ్గర కస్టమ్స్ ఫారం నింపాలి కదా. అందులో హెచ్ఎస్ కోడ్ అని ఒక గడి, అంటే సరుకు ఏ రకమో చెప్పే అంతర్జాతీయ నంబరు. దసరా తర్వాత మొదటి పార్సిల్ పట్టుకెళ్లినప్పుడు కౌంటర్‌లో అబ్బాయి చాలా మర్యాదగా అడిగాడు. "మేడమ్, ఇది టాయా, షోపీసా?"

మీరు నవ్వుకోవచ్చు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. నా వెనక లైన్లో నలుగురున్నారు.

ఆటబొమ్మ అయితే 9503. చెక్కతో చేసిన బొమ్మ, అలంకరణకి పెట్టుకునేదైతే 4420. ఆ 4420లో కూడా ఉష్ణమండలపు కలపా, కాదా అని మళ్లీ విడదీశారు. ఈ బొమ్మలు చేసే అంకుడు కర్రని ఎటు వేయాలో నాకు చెప్పినవాళ్లు లేరు. పోస్టులో అయితే ఈ 2026 జనవరి నాటికి ఏ కోడ్ వేసినా సుంకం అదే 50 శాతం కాబట్టి తేడా కనపడదు. తేడా వేరేచోట ఉంది. అమెరికా మామూలు సుంకాల పట్టికలో 9503 కింద బొమ్మలకు సుంకం సున్నా. కానీ పిల్లల ఆటబొమ్మ అని ఒప్పుకున్న మరుక్షణం పిల్లల భద్రత చట్టం వచ్చి పడుతుంది. రంగులో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటకూడదు. లోపలి వస్తువులో 100 దాటకూడదు. వాళ్లు ఒప్పుకున్న ల్యాబులో పరీక్ష చేయించాలి, సర్టిఫికెట్ ఉండాలి, బొమ్మ మీద ఎవరు ఎప్పుడు చేశారో తెలిసే గుర్తు ఉండాలి. షోపీస్ అయితే ఈ గొడవ లేదు.

మరి కొలువులో పెట్టే ఎడ్లబండి ఏది? పిల్లలు దాన్ని ముట్టుకుంటే నాయనమ్మ ఊరుకోదు. తొమ్మిది రోజులు మెట్ల మీద కూర్చుని, పదో రోజున కాగితంలో చుట్టుకుని అటక ఎక్కేస్తుంది. అది ఆటబొమ్మ ఎలా అవుతుంది? అదే డబ్బాలో ఉన్న లక్కపిడతల సంగతి అలా కాదు. అవి ఆడుకోవడానికే పుట్టాయి. నాలుగేళ్ల పిల్ల అందులో ఉత్తుత్తి అన్నం వండి, మూకుడు నోట్లో పెట్టుకుంటుంది. డబ్బా ఒకటే, చేసిన చెయ్యి ఒకటే, లక్క ఒకటే.

ఆ నెలలో నేను ఐదుగురిని అడిగాను. పార్సిళ్లు బుక్ చేసే ఏజెంటు "గిఫ్ట్ అని రాసేయండమ్మా, ఎవడు చూస్తాడు" అన్నాడు. క్లియరింగ్ పని చేసే ఇంకొకాయన "9503 వేసేయండి, సేఫ్" అన్నాడు. ఎందుకు సేఫో చెప్పలేదు. మా ఆడిటర్ గారు "అది కస్టమ్స్ మేటరమ్మా, నేను చెప్పకూడదు" అన్నారు. ఒక హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే మీ ఏజెంటునే సంప్రదించమన్నారు. తిరిగి తిరిగి మళ్లీ గిఫ్టు దగ్గరకే వచ్చాను.

గిఫ్టు అని రాయడం ఎంత సులువో మీకు చెప్పక్కర్లేదు. ఒక మనిషి ఇంకో మనిషికి ఊరికే పంపేది గిఫ్టు. డబ్బు తీసుకుని పంపేది గిఫ్టు కాదు. ఇది నాకూ తెలుసు, ఆ ఏజెంటుకూ తెలుసు. ఒకసారి ఇందులో దెబ్బ తిన్నాను కూడా. కొన్నాళ్ల క్రితం ఒక కొరియర్ ఏజెంటు నాకు చెప్పకుండా నా అమ్మకం సరుకును సీఎస్‌బీ-4 అనే కస్టమ్స్ బిల్లు కింద పంపేశాడు. అది గిఫ్టులకూ శాంపిళ్లకూ. అమ్మకానికి సీఎస్‌బీ-5 వేయాలి. సరుకు చేరింది, డబ్బూ వచ్చింది. కానీ జీఎస్టీ దగ్గరకొచ్చేసరికి ఎగుమతి చేసినట్టు నా చేతిలో కాగితం లేదు. ఆరు పార్సిళ్లు ఎగుమతి కాకుండా పోయాయి, కాగితం మీద. ఆయన్ని అడిగితే "అందరికీ అలాగే వేస్తాం మేడమ్, పని త్వరగా అయిపోతుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను రెండు నెలలు టెన్షన్ పడ్డాను.

ఐదో మనిషి న్యూజెర్సీలో ఉండే మా పెద్దమ్మ మనవడు. వాడు ఒక రాత్రి కూర్చుని వెతికి ఫోన్ చేశాడు. "పిన్నీ, ఇక్కడి కస్టమ్స్‌వాళ్లనే అడగొచ్చు. ఫోటోలు, వివరాలు ఆన్‌లైన్లో పెడితే ఏ కోడో రాసి ఇస్తారు. ఫీజు లేదు. మామూలుగా నెలలో వస్తుంది. ఇచ్చాక దానికి వాళ్లే కట్టుబడి ఉండాలి" అన్నాడు. నేను నమ్మలేదు. వాడు లింకు పంపాడు. నిజమే. పైగా వాళ్లు ఇంతకుముందు ఇచ్చిన జవాబులన్నీ అక్కడే, ఎవరైనా చదువుకునేలా పెట్టారు.

చూడండి, మనకు 50 శాతం వేసిన దేశం, ఏడు సముద్రాల అవతల వరండాలో కూర్చున్న నేను ప్రశ్న వేస్తే రాతపూర్వకంగా జవాబిస్తానంటోంది. మన దగ్గరా అడ్వాన్స్ రూలింగ్ అని, ముందే అడిగి రాతపూర్వకంగా తెలుసుకునే పద్ధతి ఉంది, కాదనను. దాని ఆఫీసులు ఢిల్లీలో, ముంబైలో. చట్ట ప్రకారం గడువు మూడు నెలలు. నాలుగు వేల రూపాయల డబ్బాకి లాయర్‌ని పెట్టుకుని ఢిల్లీ వెళ్లేదెవరు? పోనీ వెళ్లినా ఆ జవాబు మన కస్టమ్స్‌కే పనికొస్తుంది, అక్కడ చెల్లదు.

ఇప్పుడు ఫోటోలు తీస్తున్నాం. ఎడ్లబండికి ఒకటి, లక్కపిడతలకు ఒకటి, విడివిడిగా అడుగుదామని.

పరీక్ష గురించి కూడా ఒక మాట. బొమ్మలు చేసే అన్నయ్య ఒకాయన, నేను సీసం పరీక్ష అనగానే లేత్ ఆపేశాడు. తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి రంగు అద్దుకుంటుంది కదా, ఆ కడ్డీ చేతిలోనే ఉంది. "ఏటమ్మా, పసుపూ జాఫ్రా కలిపి పూసిన బొమ్మకి సీసం పరీక్షేటి? ఈ చేత్తోనే అన్నం తింతాను" అన్నాడు. ఆయన మాట అబద్ధం కాదు. కానీ ఆయన మాట అక్కడ చెల్లదు, ల్యాబు కాగితం చెల్లుతుంది. అందులో నాకు తప్పూ కనపడదు. 2007లో సీసం రంగులున్న బొమ్మలు అక్కడ లక్షల్లో వెనక్కి తీసుకున్నారు. ఆ మరుసటేడే ఈ చట్టం వచ్చింది. నోట్లో పెట్టుకునేది వాళ్ల పిల్లలు. వాళ్ల పిల్లలంటే మన పిల్లలు కూడా.

కష్టం ఖర్చు దగ్గర. ఎన్ని రంగులుంటే అన్ని పరీక్షలు. ఒక చిన్న యూనిట్ ఏడు రంగులకు చేయించుకుంటే ఆ ఏడాది లాభం ల్యాబుకే పోతుంది. చిన్న తయారీదారుకు అమెరికాలో కొంత సడలింపు ఉంది. ఒక రకం బొమ్మ ఏడాదికి 7,500కు మించకుండా చేసి, ఆదాయం కూడా ఒక పరిమితి లోపల ఉన్నవాళ్లకి కొన్ని పరీక్షలు బయటి ల్యాబులో చేయించనక్కర్లేదు. రంగులో సీసం మాత్రం ఎంత చిన్నవాళ్లయినా చేయించాల్సిందే. కానీ అదే చట్టంలో ఇంకో దారి ఉంది. బొమ్మ మొత్తాన్ని కాకుండా పూతను విడిగా పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని అదే పూత వాడిన బొమ్మలన్నిటికీ చూపించుకోవచ్చు. ఊళ్లో అందరూ వాడేది ఇంచుమించు అవే రంగులు. లక్క కడ్డీలు ఒక్కచోట, ఒకే పాళ్లలో తయారుచేసి, ఏడాదికోసారి పరీక్ష చేయించి, ఆ కాగితం ఊరందరికీ ఇస్తే? ఒక్కొక్కరు మోయలేని బరువు ఊరంతా పంచుకుంటే తేలికవుతుంది. 2025 నవంబర్‌లో కేబినెట్ ఎగుమతుల ప్రోత్సాహక మిషన్‌కి 25,060 కోట్లు ఒప్పుకుంది. అందులో ఏడు రంగుల పరీక్ష ఖర్చు ఎన్నో దశాంశ స్థానంలో వస్తుందో మీరే లెక్కేసుకోండి. తొందర ఎందుకంటే, ఈ 2026 జులై 8 నుంచి ఆ సర్టిఫికెట్ వివరాలు సరుకుతో పాటే కంప్యూటర్లో ముందుగా పంపాలని అక్కడి నియమం. ఇంకా ఆరు నెలలు లేదు. ఈ తేదీ మా ఊళ్లో ఎంతమందికి తెలుసని అడిగి చూశాను. నాతో కలిపి ఒక్కరు.

మన ప్రభుత్వం తలుచుకుంటే చేయగలదనడానికి సాక్ష్యం ఉంది కాబట్టే ఇంత చనువుగా రాస్తున్నాను. మన దేశంలో బొమ్మలకు బీఐఎస్ నాణ్యత మార్కు తప్పనిసరి చేసినప్పుడు, నమోదైన హస్తకళాకారులకూ జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాకకు 2017 నుంచే జీఐ ఉంది. ఎవరో ఒక అధికారి మా గురించి ఆలోచించి ఆ వాక్యం రాసి ఉంటారు. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద వెళ్లింది కూడా ఈ బొమ్మలే. ఇంట్లో ఇంత మర్యాద ఉన్న బొమ్మకి గడప దాటాక పేరే లేదు.

యూరప్ సంగతి ఒక్క ముక్కలో ముగిస్తాను. 2024 డిసెంబర్ 13 నుంచి అక్కడ అమ్మే సరుకుకు బాధ్యత వహించే మనిషి యూరప్‌లో ఉండాలి. నాకు లేరు. జర్మనీ ఆర్డర్లు మానేశాను. బ్రిటన్‌తో 2025 జులైలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, మంచిదే. అది అమల్లోకి వచ్చిన రోజున ఆ రాయితీ కావాలంటే నేను ఏ కాగితం మీద ఏమి రాయాలో ముందే, పండగల ముందే చెప్పండి.

బ్యాంకు దగ్గర కూడా ఇదే తంతు. ఏడాదిలో చిన్న చిన్న ఆర్డర్లు వందల్లో ఉంటాయి. ప్రతిదానికీ వచ్చిన డబ్బు ఫలానా బిల్లుదే అని బ్యాంకు రికార్డులో కలపాలి. డబ్బేమో పేమెంటు కంపెనీ నుంచి వారానికోసారి, వాళ్ల కమిషన్ పోగా, గుత్తగా పడుతుంది. 8,400 రూపాయల బిల్లుకు 8,112 వస్తే, మిగతా 288 ఏమైందని ఉత్తరం. ఒక్కో బిల్లు మూయడానికి ఛార్జీ. 2025 అక్టోబర్ 1న రిజర్వ్ బ్యాంకు దీనికి చక్కటి మందు ఇచ్చింది. పది లక్షల లోపు బిల్లులను ఎగుమతిదారు ఇచ్చే ప్రకటన మీదే మూసేయొచ్చని చెప్పింది. ఆ సంగతి నాకు మా వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ప్రింటు తీసి బ్యాంకుకి పట్టుకెళ్తే అక్కడి ఆయన రెండుసార్లు చదివి, "మాకింకా పై నుంచి రాలేదమ్మా" అన్నారు. డిసెంబర్‌లో మళ్లీ వెళ్తే అదే మాట, కుర్చీలో వేరే మనిషి.

నా తప్పులూ ఉన్నాయి. ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతులు చేసేవాళ్లకు ఇచ్చే కోడ్, దాన్ని ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపల, ఏ మార్పూ లేకపోయినా, ఒకసారి తెరిచి సరేనని నొక్కాలి. ఒక ఏడు మర్చిపోయాను. జులైలో పార్సిల్ ఆగాక తెలిసింది అది పనిచేయడం లేదని. అది నా నెత్తిమీదే వేసుకుంటాను. కానీ కరెంటు బిల్లు కట్టకపోతే ఫోన్‌కి తెలుగులో మెసేజ్ వస్తుంది కదండీ.

2026 జనవరి 15 నుంచి పోస్టులో పంపే ఎగుమతులకు కూడా డ్రాబ్యాక్, రోడ్‌టెప్ (ఎగుమతి సరుకు మీద ఇక్కడ పడిన పన్నులు తిరిగిచ్చే పథకాలు) ఇస్తామన్నారు. ఎన్నాళ్లుగానో అడుగుతున్నది, సంతోషం. కానీ ఆ రోడ్‌టెప్ కూడా కోడ్‌ను బట్టే లెక్క కడతారు. అంటే మళ్లీ ఆ గడి దగ్గరకే వచ్చాం.

కాబట్టి నేను అడిగేది ఇది. జిల్లాకు ఒక పోస్టల్ ఎగుమతి కేంద్రం ఉన్నచోట, వారంలో ఒక్క పూట, మా వస్తువు చేతిలోకి తీసుకుని చూసి, "దీని కోడ్ ఇది, ఈ దేశానికి ఈ కాగితాలు కావాలి" అని రాసి సంతకం పెట్టే అధికారి ఒకరు కావాలి. ఆయన రాసిన కోడ్ వేసి నేను పంపితే, తర్వాత ఎవరైనా తప్పన్నా, మన వైపు నుంచి నా మీద జరిమానా ఉండకూడదు. అవతలి దేశం జవాబు కావాలంటే అక్కడి దరఖాస్తు నింపడానికి సాయం చేయాలి. ఇచ్చిన జవాబులు, పేర్లు తీసేసి, తెలుగులో అందరికీ కనపడేలా పెడితే నా తర్వాత వచ్చే కొండపల్లివాళ్లు, నిర్మల్‌వాళ్లు మళ్లీ ఐదుగురిని అడగక్కర్లేదు. ఎందుకు సంతకం అంటున్నానంటే, నోటిమాటగా చెప్పేవాళ్లకు కొదవ లేదు. గిఫ్ట్ అని రాయమన్నవాడు కూడా నోటితోనే చెప్పాడు.

మళ్లీ ఏదైనా దేశానికి బుకింగ్ ఆపాల్సి వస్తే, అప్పటికే కట్టి ఉంచిన సరుకు పరిస్థితి ఏమిటో అదే నోటీసులో రెండు వాక్యాలు రాయండి. ఆ అరవై రెండు డబ్బాల్లో పంతొమ్మిది ఇంకా మా వరండాలోనే ఉన్నాయి.

ఈ ఉత్తరంతో పాటు మీకు ఒక డబ్బా పంపుతున్నాను. అందులో ఒక ఎడ్లబండి, ఒక లక్కపిడతల సెట్టు ఉన్నాయి. ఇది మాత్రం నిజంగా గిఫ్టే. పైన అమెరికా ఫారం ఒకటి అంటించాను. అన్నీ నింపాను. హెచ్ఎస్ కోడ్ గడి ఖాళీగా వదిలాను. నింపి, సంతకం పెట్టి, ఆ ఫారం ఒక్కటి నాకు తిరిగి పంపండి.

ఇట్లు,
ఒక బొమ్మల వ్యాపారి
అనకాపల్లి జిల్లా, 2026 జనవరి